ఆరోగ్యానికి, గ్రామాభివృద్ధికి మానవ శాస్త్రం తోడ్పడిన చరిత్ర

ఒక ఊరి ప్రజలు కాలువ నీరు తాగి జబ్బు పడుతున్నారనుకుందాం. ఆ నీటిలో రోగ క్రిములున్నవని ప్రయోగశాల తేల్చింది. నీరు కాచి చల్లార్చి తాగితే ఆ జబ్బు రాదని వైద్యుడు చెప్పాడు. ఇంతవరకు శాస్త్రం తన పని తాను చేసింది. కాని రెండేళ్లపాటు ఇల్లిల్లూ తిరిగి బోధించినా ఆ ఊళ్లో అత్యధిక గృహిణులు నీరు కాచడం లేదు. ఎందువల్ల?

ఈ ప్రశ్నకు సమాధానం సూక్ష్మదర్శినిలో కనబడదు. ఆ ఇళ్లలో పొయ్యి ఎప్పుడు రాజుకుంటుంది, కట్టెలు ఎవరు తెస్తారు, కాచిన నీరంటే ఆ ఊరి వారి మనస్సులో ఏ భావం ఉన్నది, బోధించడానికి వచ్చిన మనిషిని వారు ఏ దృష్టితో చూశారు అన్న సంగతులు తెలిస్తేనే సమాధానం దొరుకుతుంది. ఇటువంటి సంగతులను క్రమపద్ధతిలో తెలుసుకొని, ఆ జ్ఞానాన్ని ప్రజల మేలుకోసం వినియోగించే శాఖకు అనువర్తిత మానవ శాస్త్రం అని పేరు.

మానవ శాస్త్రంలో ముఖ్యంగా రెండు భాగాలున్నవి. మానవుని శరీరాన్ని, పరిణామాన్ని, జాతుల మధ్య ఉన్న భేదాలను పరిశీలించేది భౌతిక మానవ శాస్త్రం. మానవుల ఆచారాలు, చుట్టరికాలు, నమ్మకాలు, జీవనోపాధులు మొదలైన వాటిని పరిశీలించేది సాంస్కృతిక మానవ శాస్త్రం. ఆరోగ్య కార్యక్రమాలకు, గ్రామాభివృద్ధికి ఎక్కువగా తోడ్పడినది ఈ రెండవ భాగమే. ఐతే ఈ తోడ్పాటు ఒక్కనాడు వచ్చినది కాదు. దాని వెనుక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో మెచ్చుకోదగినవీ ఉన్నవి, సిగ్గుపడవలసినవీ ఉన్నవి.

తొలి పరిశీలకులు

1898 లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నుంచి కొందరు శాస్త్రజ్ఞులు ఆస్ట్రేలియాకు, న్యూగినీకి మధ్యనున్న టోరెస్ జలసంధి దీవులకు వెళ్లారు. వారిలో రివర్స్ అనే వైద్యుడు ఉన్నాడు. ఆ దీవుల ప్రజల వంశవృక్షాలను వారి నోటనే చెప్పించుకొని వ్రాసుకొన్నాడు. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరి భూమి ఎవరికి వస్తుంది, ఎవరు ఎవరిని పెండ్లాడవచ్చు అన్న విషయాలన్నీ ఆ వంశవృక్షాలలో ఇమిడి ఉన్నవని ఆయన గ్రహించాడు. తరువాత 1901–02 లో మన దక్షిణ దేశానికే వచ్చి, నీలగిరి కొండలలోని తోడాలను పరిశీలించి, 1906 లో వారిని గురించి ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు.

రివర్స్ చెప్పిన మాటలలో ఆరోగ్య కార్యకర్తలు నేటికీ గుర్తుంచుకోవలసినది ఒకటున్నది. నాటు వైద్యం అర్థంలేని చేష్టల గుంపు కాదు. జబ్బు ఎందువల్ల వస్తుందని ఒక జాతి నమ్ముతుందో దానిని బట్టే వారు చేసే చికిత్స ఉంటుంది. కారణం గురించిన నమ్మకాన్ని ఒప్పుకొంటే చికిత్స దాని నుంచి తర్కబద్ధంగా వస్తుంది. కనుక చికిత్సను మార్చదలచిన వాడు ముందు ఆ నమ్మకాన్ని తెలుసుకోవాలి.

ఆ తరువాత మలినోవ్‌స్కీ అనే పోలెండు దేశీయుడు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ట్రోబ్రియాండ్ దీవులలో దీర్ఘకాలం నివసించాడు. అక్కడి భాష నేర్చుకొన్నాడు, అక్కడి వారి మధ్యనే గుడారం వేసుకొన్నాడు. దొరల బంగళా వరండాలో కూర్చొని, ఊరివారిని పిలిపించుకొని ప్రశ్నలు వేసే పద్ధతికి అంతటితో కాలం చెల్లింది. వారితో కలిసి బ్రతుకుతూ చూడడం, అనగా భాగస్వామ్య పరిశీలన, ఈ శాస్త్రానికి ప్రధాన సాధనమైంది.

పాలకుల చేతిలో శాస్త్రం

కాని జ్ఞానం ఎవరి చేతిలో ఉన్నదో దానిని బట్టి దాని ఫలితం ఉంటుంది. మన దేశంలో ఆంగ్లేయుల పాలనలో కులాలను, తెగలను గురించి ఎంతో సమాచారం పోగైంది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్, రంగాచారి సహాయంతో, దక్షిణ భారత కులాలు, తెగలను గురించి 7 సంపుటాలు 1909 లో ప్రచురించాడు. వాటిలో నేటికీ పనికివచ్చే విశేషాలున్నవి. ఐనా ముక్కులు, తలలు కొలిచి మనుష్యులను తరగతులుగా విభజించడమే శాస్త్రమని ఆనాడు భావించారు.

దీనికంటె దారుణమైనది 1871 నాటి నేరస్థ జాతుల చట్టం. కొన్ని సంచార జాతులలో పుట్టిన వారందరూ పుట్టుకతోనే నేరస్థులని ఆ చట్టం భావించింది. తెలుగు దేశంలోని ఎరుకల వంటి వారు కూడ దానికి గురియై, పోలీసు ఠాణాలలో హాజరు వేయించుకొంటూ, సెటిల్‌మెంట్లలో బ్రతుకవలసి వచ్చింది. స్వాతంత్ర్యానంతరం 1952 లో ఆ చట్టం రద్దయింది. ఒక జాతిని గురించి తెలుసుకోవడం వేరు, ఆ జాతి పక్షాన నిలవడం వేరు. మానవ శాస్త్ర చరిత్ర చదివే వారు మొదట నేర్చుకోవలసిన పాఠం ఇది.

మార్లవాయి పాఠశాల

ఇందుకు భిన్నమైన ఉదాహరణ మన ఆదిలాబాదు అడవులలోనే ఉన్నది. 1940 లో కొమరం భీం నాయకత్వాన గోండులు నిజాం ప్రభుత్వంపై తిరుగబడ్డారు. జోడేఘాట్ వద్ద పోలీసుల కాల్పులలో భీం మరణించాడు. తిరుగుబాటును తుపాకితో అణచడమైతే జరిగింది కాని, గోండులు ఎందుకు తిరుగబడ్డారో ప్రభుత్వానికి అర్థం కాలేదు. దీనిని తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రజ్ఞుని నియోగించారు.

ఈయన 1909 లో వియన్నాలో జన్మించాడు. అప్పటికే హైదరాబాదు రాష్ట్రంలో చెంచులను పరిశీలించాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో శత్రుదేశపు పాస్‌పోర్టు కలిగినవాడు కావడంతో హైదరాబాదు రాష్ట్రం దాటి పోవడానికి వీలులేకపోయింది. భార్య బెట్టీతో కలిసి ఆయన మార్లవాయి అనే గోండు గూడెంలో కాపురం పెట్టాడు. అక్కడ నివసించగా తెలిసిన సంగతి ఏమంటే, గోండుల కోపానికి మూలం భూమి. తరతరాలుగా సాగుచేసుకొంటున్న పోడు భూములు రిజర్వు అడవులలో కలిసిపోయాయి. మైదానాల నుంచి వచ్చిన వారు పట్టాలు చేయించుకొన్నారు. కాగితం చదవడం రాని గోండు, తన భూమి తనది కాకుండా పోయిందని తెలుసుకొనే సరికి ఆలస్యమయ్యేది.

కనుక రెండు పనులు జరగాలని ఆయన సూచించాడు. ఒకటి, గోండులకు పట్టాలు ఇవ్వాలి. రెండు, వారి భాషలోనే వారికి చదువు చెప్పాలి. 1943 లో మార్లవాయిలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే శిక్షణ కేంద్రం ఏర్పడింది. గోండీ భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారైనవి. తన పిల్లలకు తమవాడే తమ మాటలలో పాఠం చెప్పడం గోండులు మొదటిసారి చూశారు. వేలాది ఎకరాలకు పట్టాలు కూడ లభించాయి.

ఐతే ఈ కథ ఇక్కడితో సుఖాంతం కాలేదు. హైమన్‌డార్ఫ్ 1970 ప్రాంతాలలో తిరిగి వచ్చి చూచినప్పుడు, ఆనాడు గోండులకు ఇచ్చిన భూములలో ఎన్నో మళ్లీ ఇతరుల చేతులలోనికి పోయినట్లు కనుగొన్నాడు. 1982 లో ప్రకటించిన గ్రంథంలో ఆ బాధనంతా వ్రాశాడు. మంచి పథకం వేయడంతోనే పని పూర్తికాదనీ, దానిని కాపాడే బలం ఆ ప్రజలకే రావాలనీ ఈ అనుభవం తెలుపుతున్నది. 1987 లో మరణించిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉన్నది.

పాలపొడి చెప్పిన పాఠం

అదే కాలంలో దక్షిణాఫ్రికాలో మరొక ప్రయోగం జరిగింది. నాటాల్ రాష్ట్రంలోని ఫోలెలా అనేచోట సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ అనే వైద్య దంపతులు 1940 లో ఆరోగ్య కేంద్రం ప్రారంభించారు. అక్కడి వారు జులూ జాతీయులు. పేదరికం వల్ల, నేల సారం కోల్పోవడం వల్ల పోషకాహార లోపం తీవ్రంగా ఉండేది. పాలు తాగితే, ముఖ్యంగా గర్భిణులు, మేలు కలుగుతుందని వైద్యులకు తెలుసు. కాని జులూలలో ఒక నియమం ఉన్నది. ఒక ఇంటి పశువుల పాలు ఆ ఇంటి వంశం వారే తాగాలి. కోడలు వేరే వంశం నుంచి వచ్చింది. అందులోనూ గర్భిణి ఐతే, ఆమె ఆ పాలు తాగడం వల్ల పశువులకు హాని కలుగుతుందని నమ్మకం.

ఈ నమ్మకం తప్పని వాదించడానికి కూర్చుంటే ఏళ్లు గడిచిపోయేవి. ఆరోగ్య కేంద్రం వారు ఆ నియమాన్ని జాగ్రత్తగా పరిశీలించారు. నిషేధం ఆ ఇంటి పశువుల పాలకే గాని ఎక్కడి నుంచో వచ్చిన పాలపొడికి లేదు. అది పాలతో తయారైనదేనని తెలిసినా జులూ స్త్రీలు నిరభ్యంతరంగా తీసుకొన్నారు. ఇంటివారూ అడ్డు చెప్పలేదు. నమ్మకంతో తగవు పడకుండానే పని నెరవేరింది.

అక్కడే జరిగిన మరొక సంఘటనను డాక్టర్ జాన్ కాసెల్ వివరించాడు. ఒక యువతికి క్షయ సోకింది. ఆమెను ఆసుపత్రికి పంపకపోతే ఇతరులకు జబ్బు అంటిస్తుందని వైద్యుడు తండ్రికి చెప్పాడు. తండ్రి కోపంతో నిరాకరించాడు. కారణమేమిటి? జులూల నమ్మకంలో ఇతరులకు జబ్బు తెప్పించే శక్తి చేతబడి చేసే వారికే ఉంటుంది. వైద్యుడు చెప్పినది అంటువ్యాధి సిద్ధాంతం. తండ్రికి వినిపించినది తన కూతురు మంత్రగత్తె అన్న నింద. మాట ఒకటే, చెప్పినవాని అర్థం ఒకటి, విన్నవాని అర్థం మరొకటి. బోధించే వారందరికీ, పాఠశాలలలోని ఉపాధ్యాయులకు కూడ, ఇది ఆలోచించదగిన విషయం.

నీళ్లు కాచని ఊరు

ఇక ప్రారంభంలో చెప్పిన ఊరి సంగతికి వద్దాం. అది దక్షిణ అమెరికాలోని పెరూ దేశంలో, ఈకా లోయలో ఉన్న లోస్ మోలినోస్. సుమారు 200 ఇళ్లు. ఆరోగ్యశాఖ పంపిన ఒక కార్యకర్త్రి రెండేళ్లు ఇళ్ల చుట్టూ తిరిగింది. ఆమె కృషి వల్ల కొత్తగా నీరు కాచడం ప్రారంభించిన గృహిణులు 11 మంది మాత్రమే. ఎడ్వర్డ్ వెలిన్ అనే మానవ శాస్త్రజ్ఞుడు దీనికి కారణాలను పరిశీలించి 1955 లో ప్రకటించాడు.

ఆ ఊళ్లో ప్రతి పదార్థాన్నీ వేడి గుణం కలది, చల్లని గుణం కలది అని విభజిస్తారు. ఇది తాకితే తెలిసే వేడి కాదు, వస్తువు స్వభావం. కాచిన నీరు రోగులకు తగినదని వారి భావం. ఆరోగ్యంగా ఉన్న మనిషి కాచిన నీరు తాగడమంటే తాను రోగినని ఒప్పుకోవడమే. తెలుగు పాఠకులకు ఇది వింతగా తోచనక్కరలేదు. మామిడిపండు వేడి చేస్తుందనీ, మజ్జిగ చలువ చేస్తుందనీ మన ఇళ్లలోనూ నిత్యం అనుకొంటాము. బాలింతకు పెట్టే పత్యమంతా ఈ విభజనపై ఆధారపడినదే.

వెలిన్ మరొక సంగతి కూడ గమనించాడు. ఆ కార్యకర్త్రి మాట విన్నవారిలో అప్పటికే జబ్బుతో ఉన్నవారు, వేరే ప్రాంతం నుంచి వచ్చి ఊరితో అంతగా కలవనివారు ఉన్నారు. వీరిని చూచి ఊరివారెవరూ అనుసరించరు. ఊరివారిలో కొందరికి ఆమె తమ ఇళ్ల మురికిని తనిఖీ చేయడానికి వచ్చిన మనిషిగా కనిపించింది. పైగా కట్టెలు కొనాలి. రోజంతా పనిచేసే గృహిణికి నీరు కాచే తీరిక దొరకాలి. కనుక ఇక్కడ అడ్డుపడినది నమ్మకం ఒక్కటే కాదు. పేదరికమూ, తీరిక లేకపోవడమూ, బోధించిన మనిషికి ఊళ్లో ఉన్న స్థానమూ అన్నీ కలిసి అడ్డుపడ్డాయి.

ఫోలెలా కథా, పెరూ కథా బెంజమిన్ పాల్ సంపాదకత్వాన 1955 లో వెలువడిన ఒక సంపుటంలో ఉన్నవి. ఆరోగ్యం, సంస్కృతి, సమాజం అన్న మూడింటికి ఉన్న సంబంధాన్ని 16 ఉదాహరణలతో వివరించిన ఆ గ్రంథం ప్రజారోగ్య విద్యార్థులకు ఒక తరం పాటు పాఠ్యపుస్తకం వలె ఉపయోగపడింది.

శామీర్‌పేట నుంచి సమాజ వికాస పథకం వరకు

స్వతంత్ర భారతంలో ఈ శాస్త్రం గ్రామాభివృద్ధితో చేయి కలిపిన తొలి చోట్లలో హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేట ఒకటి. 1951–52 లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆ గ్రామంలో సాంఘిక సేవా విస్తరణ కార్యక్రమం చేపట్టింది. వైద్యం, వ్యవసాయం, పశువైద్యం మొదలైన శాఖల వారు అందులో పాల్గొన్నారు. దానికి నాయకుడు మానవ శాస్త్రజ్ఞుడు శ్యామాచరణ్ దూబే. ఆయన వ్రాసిన గ్రంథం 1955 లో లండనులో అచ్చయి, ఒక తెలంగాణ పల్లె జీవితాన్ని ప్రపంచ విద్వాంసులకు పరిచయం చేసింది.

జబ్బుల విషయంలో శామీర్‌పేట ప్రజల ఆలోచన ఎట్లా ఉన్నదో దూబే వివరించాడు. జలుబు, తలనొప్పి వంటివి సహజంగా వచ్చేవే. వాటికి ఇంటి వైద్యం చాలు. మామూలు మందులకు లొంగకుండా ముదిరినప్పుడే దేవతల ఆగ్రహమో, చేతబడియో అని అనుమానిస్తారు. మశూచి వంటి వ్యాధులు పోచమ్మ వంటి గ్రామదేవతలకు సంబంధించినవి. అమ్మవారు పోసిందన్న మాటలోనే భయమూ, భక్తీ రెండూ ఉన్నవి. వ్యాధి దేవత రూపమైనప్పుడు దానికి సూదిమందు పొడిపించుకోవడం తల్లిని ధిక్కరించడం కాదా అన్న సంకోచం కలగడం సహజం. ఈ సంకోచాన్ని మూర్ఖత్వమని ఎగతాళి చేసినచోట టీకాలు వేసేవారికి తలుపులు మూసుకొన్నాయి.

1952 అక్టోబరు 2 న దేశమంతటా 55 ప్రాంతాలలో సమాజ వికాస పథకం ప్రారంభమైంది. దీనికి పూర్వరంగంగా 1948 లో ఉత్తరప్రదేశ్‌లోని ఎటావాలో ఆల్బర్ట్ మేయర్ అనే అమెరికన్ ఆధ్వర్యాన ఒక ప్రయోగం జరిగింది. పథకం అమలును దూబే ఉత్తరప్రదేశ్ పశ్చిమ భాగంలోని గ్రామాలలో పరిశీలించి 1958 లో మరొక గ్రంథం ప్రకటించాడు. అందులోని విశేషాలు నేటికీ చదువదగినవి.

మేలురకం గోధుమ విత్తనాలను రైతులు స్వీకరించారు. దిగుబడి బాగున్నదని మెచ్చుకొన్నారు. రొట్టె రుచి మాత్రం తగ్గిందని పెదవి విరిచారు. పెరటి పెంటకుప్పలు తీసివేసి ఊరి వెలుపల ఎరువు గోతులు త్రవ్వమంటే పని సాగలేదు. ఇంట్లో పేడ ఎత్తే పని స్త్రీలది. పేడ తట్ట నెత్తిన పెట్టుకొని ఊరంతా చూస్తుండగా పొలిమేర దాకా నడవడం పై కులాల స్త్రీలకు మర్యాదగా తోచలేదు. గొయ్యి ఎంత పొడవు, ఎంత లోతు ఉండాలో లెక్కవేసిన ఇంజనీరు, తట్ట ఎవరు మోస్తారో అడగలేదు.

గ్రామసేవకుని కష్టాన్ని కూడ దూబే కళ్లకు కట్టినట్లు వ్రాశాడు. పై అధికారులు లెక్కలు కోరుతారు: ఎన్ని గోతులు త్రవ్వించావు, ఎన్ని మణుగుల విత్తనం పంచావు అని. ఊరివారికి కావలసినవి వేరు. మధ్యలో నలిగినవాడు, లెక్కలు నిండే పనులు చేసి, తక్కినవి వదిలివేస్తాడు. అన్నింటికంటె ముఖ్యమైనది మరొకటి. వ్యవసాయ విస్తరణ వల్ల కలిగిన మేలులో సుమారు 70 శాతం ఊళ్లోని పలుకుబడి కలిగిన, కలిమి గల రైతులకే దక్కిందని ఆయన తేల్చాడు. ఊరు అన్నది ఒకే కుటుంబం వంటిదని పథకం రూపొందించినవారు భావించారు. నిజానికి ఊళ్లో కులాలున్నవి, కక్షలున్నవి, భూమి ఉన్నవారు, లేనివారు ఉన్నారు. అందరికీ అని ఊరి నడుమ దింపిన మేలు, చేయి పొడవైన వారికే అందింది.

ప్రజల భాగస్వామ్యం లేనిదే అభివృద్ధి జరగదన్న అభిప్రాయం క్రమంగా బలపడింది. 1957 లో బల్వంతరాయ్ మెహతా సంఘం పంచాయతీ రాజ్య వ్యవస్థను సూచించింది. 1959 అక్టోబరులో షాద్‌నగర్‌లో ప్రధాని నెహ్రూ ఆంధ్రప్రదేశ్‌లో దానిని ప్రారంభించాడు. 1958 లో ముస్సోరీలో నెలకొల్పిన సమాజ వికాస అధ్యయన సంస్థ తరువాత హైదరాబాదుకు తరలివచ్చి, నేడు రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీ రాజ్ సంస్థగా ఉన్నది.

వ్యాధి కారణాన్నే కనుగొనడానికి

ఇంతవరకు చెప్పినవి ప్రజలకు శాస్త్రాన్ని అందించడంలో కలిగిన చిక్కులు. వ్యాధి కారణాన్ని కనుగొనడంలో కూడ మానవ శాస్త్రం సహాయపడిన ఘట్టం ఒకటున్నది. న్యూగినీ కొండలలో ఫోరే జాతి వారికి కురు అనే వింత వ్యాధి వచ్చేది. ఒళ్లు వణికి, నడక తప్పి, రోగి కొద్ది నెలల్లోనే మరణించేవాడు. అది ఎక్కువగా స్త్రీలకు, పిల్లలకు సోకేది. 1957 లో జిగాస్, గజ్డుసెక్ అనే వైద్యులు దీనిని వైద్య ప్రపంచానికి తెలియజేశారు. ఒకే కుటుంబాలలో కనబడడంతో ఇది వంశపారంపర్య వ్యాధి అని మొదట అనుకొన్నారు.

1961 నుంచి రాబర్ట్ గ్లాస్, షిర్లీ గ్లాస్ (తరువాతి కాలంలో షిర్లీ లిండెన్‌బామ్‌గా ప్రసిద్ధి పొందినది ఈమెయే) ఫోరేల మధ్య నివసించి వంశవృక్షాలు వ్రాసుకొన్నారు. రివర్స్ నేర్పిన పద్ధతి ఇక్కడ అక్కరకు వచ్చింది. కురు అనాదిగా ఉన్నది కాదనీ, కొన్ని తరాల క్రితమే వచ్చిందనీ వృద్ధులు చెప్పారు. మన ఊళ్లలో రక్తసంబంధం లేకపోయినా వరుసలు కలిపి బాబాయి, అత్త అని పిలుచుకొన్నట్లే, ఫోరేల చుట్టరికాలు కూడ చాలావరకు రక్తసంబంధాలు కావని తేలింది. దానితో వంశపారంపర్య వాదం బలహీనపడింది. చనిపోయిన బంధువుల దేహాన్ని గౌరవ సూచకంగా తినే ఆచారం వారిలో ఉండేది. అందులో పాల్గొనేది ముఖ్యంగా స్త్రీలు, పిల్లలు. వ్యాధి సోకిన వారి పట్టికా, ఈ ఆచారమూ సరిపోయాయి. 1966 లో ఈ వ్యాధి చింపాంజీలకు సంక్రమిస్తుందని ప్రయోగం వల్ల రుజువైంది. గజ్డుసెక్‌కు 1976 లో నోబెల్ బహుమతి లభించింది. ప్రభుత్వ నిషేధంతో ఆ ఆచారం 1950 దశకంలోనే అంతరించసాగింది. అది అంతరించిన తరువాత పుట్టిన వారికి కురు సోకలేదు.

ఉప్పు, బెల్లం, నీరు

అతిసారానికి ఉప్పు, చక్కెర కలిపిన నీరు ప్రాణరక్షకమని శాస్త్రం కనుగొన్న తరువాత, బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సంస్థ 1980 నుంచి పదేళ్లలో సుమారు 1 కోటి 20 లక్షల ఇళ్లకు ఈ విద్యను చేర్చింది. మూడు వేళ్లతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీరు: కొలతలన్నీ తల్లి చేతిలో ఉన్నవే. స్త్రీ కార్యకర్తలు తల్లుల చేతనే కలిపించి నేర్పారు. తల్లులకు బాగా గుర్తున్నది. ఐనా మొదట చాలామంది వాడలేదు.

ఊళ్లలో ఉండి విచారించగా మూడు కారణాలు తెలిశాయి. ప్రజలు విరేచనాలకు నాలుగు పేర్లు పెట్టుకొన్నారు. డయేరియా అన్న మాటను వారు తీవ్రమైన నీళ్ల విరేచనాలకు మాత్రమే వాడతారు. కనుక తక్కినవాటికి ఈ నీరు పనికిరాదనుకొన్నారు. రెండవది, కార్యకర్తలే తమకు విరేచనాలైతే మాత్రలు మింగుతున్నారు. వారికే నమ్మకం లేదు. మూడవది, ఇంట్లో నిర్ణయించే మగవారికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఈ లోపాలను సవరించారు. బజారులలో, మసీదులలో మగవారికీ బోధించారు. ఆ తరువాతనే ఉప్పు, బెల్లపు నీరు ఇంటి వైద్యంగా నిలిచింది.

2014 లో పశ్చిమాఫ్రికాలో ఎబోలా వ్యాధి చెలరేగినప్పుడు కూడ ఇదే పాఠం పునరావృతమైంది. ఆ వ్యాధితో 11,300 మందికి పైగా మరణించారు. శవాన్ని కడిగి, తాకి సాగనంపే ఆచారం వల్ల వ్యాధి వ్యాపిస్తున్నదని వైద్యులకు తెలుసు. కాని ముసుగులు ధరించిన మనుష్యులు వచ్చి, శవాలను మూటకట్టి తీసుకొనిపోగా ప్రజలు భయపడ్డారు. లైబీరియా రాజధానిలో శవాలను దహనం చేయడం మొదలుపెట్టగా కొందరు శవాలను దాచారు. మానవ శాస్త్రజ్ఞుల సలహాలతో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ సంవత్సరం చివరలో నియమాలను మార్చింది: బంధువులు దూరంగా నిలిచి చూడవచ్చు, మత పెద్ద ప్రార్థన చేయవచ్చు, సమాధి ఎక్కడ అన్నది కుటుంబం చెప్పవచ్చు. గౌరవంతో కూడిన అంత్యక్రియ సురక్షితంగానూ ఉండవచ్చునని తేలింది.

ఈ శాస్త్రాన్ని అభ్యసించడమంటే

పై ఉదాహరణలను బట్టి ఈ శాస్త్ర విద్యార్థి ఏమి నేర్చుకోవాలో ఊహించవచ్చు. ప్రజల భాష నేర్చుకోవాలి. వారి మధ్య కాలం గడపాలి. ఊరి పటం గీయడం, ఇంటింటి జనాభా వ్రాయడం, వంశవృక్షాలు తయారుచేయడం, చెప్పిన మాటకూ చేసే పనికీ తేడా గమనించడం అభ్యసించాలి. జబ్బుకు వారు పెట్టుకొన్న పేరేమిటి, కారణమేమనుకొంటున్నారు, మొదట ఎవరి దగ్గరకు వెళతారు, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది అని అడగాలి. ఊరి పెద్దను మాత్రమే అడిగి తృప్తిపడకుండా, ఊరి చివరి ఇంటిలోని వారినీ అడగాలి.

రెండు ప్రమాదాలనుంచి తప్పించుకోవాలి. పథకం విఫలమైనప్పుడు ప్రజల మూఢనమ్మకమే కారణమని తోసివేయడం ఒకటి. పేదరికాన్ని, అన్యాయాన్ని సంస్కృతి అన్న పేరుతో కప్పిపుచ్చడం రెండవది. కట్టెలు కొనలేని గృహిణికి నమ్మకాలను గురించి ఉపన్యాసం అక్కరలేదు, కట్టెలు కావాలి. భూమి పోయిన గోండుకు అతని ఆచారాలను మెచ్చుకొంటే చాలదు, పట్టా కావాలి.

ఉన్నత పాఠశాలలలో కూడ దీనిని కొంతవరకు అభ్యసించవచ్చు. విద్యార్థులు తమ ఊళ్లో జ్వరాలకు, విరేచనాలకు ఎన్ని పేర్లున్నవో, ఒక్కొక్కదానికి ఏ కారణం, ఏ చికిత్స చెప్పుకొంటారో ఇంట్లోని అమ్మమ్మలను, నాయనమ్మలను అడిగి పట్టిక తయారుచేయవచ్చు. తాగే నీరు ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరు మోస్తారు, ఎంత సేపు పడుతుంది, ఏ పాత్రలో నిలవచేస్తారు అన్నది గమనించి వ్రాయవచ్చు. ఉపాధ్యాయుడు ఆ పట్టికను జీవశాస్త్ర పాఠం పక్కన ఉంచి చూపించవచ్చు. అప్పుడు విద్యార్థికి రెండు విషయాలు ఒక్కసారే తెలుస్తాయి: క్రిమి ఎట్లా ప్రవేశిస్తుందన్నది ఒకటి, దానిని ఆపడానికి ఎవరెవరి అలవాట్లు, ఎవరెవరి శ్రమ, ఎవరెవరి అంగీకారం కావాలన్నది రెండవది. మొదటిది తెలిసినవారు మనకు చాలామంది ఉన్నారు. రెండూ తెలిసినవారు పెరిగినప్పుడే మందు సీసాలోని శాస్త్రం మనిషి ఇంటికి చేరుతుంది.